టీవీ గది నుంచి ఫుట్‌బాల్ కుర్చీకి

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది 1863లో. దానికి 2005 జనవరి ఆఖర్న సీఈవోగా వచ్చిన బ్రయాన్ బార్విక్ పేరున్న ఆటగాడూ కాదు, కోచ్ కాదు, క్లబ్బు యజమాని అంతకన్నా కాదు. బీబీసీలో ‘మ్యాచ్ ఆఫ్ ద డే’ లాంటి కార్యక్రమాలకు పనిచేసి, 1998 నుంచి ఐటీవీ క్రీడా విభాగాన్ని నడిపిన టీవీ మనిషి. అంతకు కొన్ని నెలల ముందే పాత సీఈవో రచ్చల మధ్య రాజీనామా చేసి వెళ్లారు. సంస్థను గాడిన పెట్టడానికి, ఆటను మంచి ధరకు అమ్మడానికి, ఇన్నాళ్లూ మ్యాచ్ హక్కులు కొన్నవాడే సరైనవాడని పెద్దలు అనుకున్నారు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉన్న పాఠకుడికి ఈ లండన్ నియామకంతో పనేమిటని అనిపించవచ్చు. పని ఉంది. అక్కడ ఒక ఉద్యోగి టీవీ నుంచి ఫుట్‌బాల్‌కు మారితే, మన దేశంలో టీవీ వ్యాపారమే ఫుట్‌బాల్ పెత్తనంలోకి నడిచొచ్చింది. అక్కడ ఆట తట్టుకుంది, ఇక్కడ తట్టుకోలేకపోయింది. ఎందుకన్నదే అసలు సంగతి.

బార్విక్ అమ్మకం బాగానే చేశారు. 2007 మార్చిలో ఎఫ్ఏ కప్, ఇంగ్లాండ్ జట్టు మ్యాచ్‌ల హక్కులను నాలుగేళ్లకు 42.5 కోట్ల పౌండ్లకు ఐటీవీ, సెటాంటా టీవీ సంస్థలకు ఇచ్చారు. కొన్నవాళ్లలో ఒకరు ఆయన పాత యజమానే కావడం చూసి కనుబొమలు ఎగరేసినవాళ్లు ఉండే ఉంటారు. కానీ పాలన అంటే అమ్మకం ఒక్కటే కాదుగదా. 2006లో జాతీయ జట్టు కోచ్ పదవికి, అప్పుడు పోర్చుగల్ జట్టును నడుపుతున్న స్కొలారీని ఒప్పించడానికి ఆయన లిస్బన్ వెళ్లారు. ఆ ప్రయాణం ముందే బయటికి పొక్కింది, విలేకరులు వెంటపడ్డారు, స్కొలారీ వద్దన్నారు. ఆ పదవి మెక్‌క్లారెన్‌కు దక్కింది. 2007 నవంబరులో వెంబ్లీలో క్రొయేషియా చేతిలో 2-3 తేడాతో ఓడి ఇంగ్లాండ్ యూరో కప్‌కు అర్హతే పోగొట్టుకుంది. 2008 చివరికి బార్విక్ వెళ్లిపోయారు. మరుసటి ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో సెటాంటా దివాలా తీసింది. ఇంత పెద్ద కొనుగోలుదారు కూలినా ఎఫ్ఏ కప్ ఆగలేదు. ఊరూరా ఉన్న క్లబ్బులు, వాటి మైదానాలు, వారాంతపు లీగులు టీవీ పుట్టకముందు నుంచే ఉన్నాయి. పైనున్న డబ్బు తగ్గిందే గాని కింద ఉన్న ఆట కదల్లేదు.

మన కథ తిరగబడింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ముందు జీ స్పోర్ట్స్‌తో పదేళ్ల ఒప్పందం చేసుకుంది, అది 2010లో మధ్యలోనే తెగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఐఎంజీ-రిలయన్స్‌తో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఆ పునాది మీదే స్టార్ ఇండియా కూడా చేయి కలపగా 2014 అక్టోబరులో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. లీగ్ ఎప్పుడు ఆడాలి, ఎన్ని జట్లు ఉండాలి, ఏ ఊరికి క్లబ్బు ఇవ్వాలి అన్నవన్నీ ప్రసారం, ప్రకటనల లెక్కల చుట్టూ తిరిగాయి. సమాఖ్యకు ఏడాదికి దాదాపు 50 కోట్లు అందేవి, అంతటితో అది నిశ్చింతగా కూర్చుంది. 2025లో గడువు దగ్గరపడేసరికి కొత్త ఒప్పందం కుదరలేదు, సీజన్ మొదలు కాలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు పర్యవేక్షణలో టెండరు పిలిచారు. నవంబరు గడువుకు ఒక్క బిడ్డూ రాలేదు. 2026 జనవరిలో కేంద్ర క్రీడాశాఖ కల్పించుకుని, ఫిబ్రవరి నుంచి కుదించిన లీగ్ ఆడిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఇంగ్లాండ్‌లో ఛానెల్ మూతపడినా ఆట సాగింది, ఇక్కడ కాగితం గడువు తీరేసరికి ఆట ఆగింది.

తప్పు టీవీదే అనేస్తే సులువుగా ఉంటుంది, కానీ నిజం కాదు. 2014లోనే, అదే స్టార్ తెర మీద, ప్రొ కబడ్డీ లీగ్ కూడా వచ్చింది. దాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన చారు శర్మ టీవీ క్రీడా వ్యాఖ్యాతే. ఆ ఆట చూస్తుండగానే నిలదొక్కుకుంది, తెలుగు టైటాన్స్ పేరు పల్లెల దాకా వెళ్లింది. కారణం తెర మీద లేదు. సంక్రాంతికి గోదావరి పల్లెల్లో కబడ్డీ పోటీలు పెట్టడానికి ఎవరి అనుమతీ, ఎవరి పెట్టుబడీ అక్కర్లేదు. కొల్లేరు లంకల్నే చూడండి. కబడ్డీ కోర్టు 13 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, అంటే మూడు సెంట్ల పైచిలుకు. గుడి ముందు జాగా చాలు. అంతర్జాతీయ కొలతల ఫుట్‌బాల్ మైదానం 105కి 68 మీటర్లు, గీతల లోపలే 176 సెంట్లు. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల ఎకరం పైన ముప్పావు నేల ఉంటే దాన్ని చేపల చెరువుగా తవ్వకుండా పిల్లల ఆటకు వదిలే రైతు ఎవరు? వదలమని అడిగే హక్కు మనకెక్కడిది? ఈ చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి లారీలెక్కి ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే బెంగాల్‌కు పోతాయి, అక్కడి ఆట మాత్రం తిరుగు లారీలో రాదు. ఏలూరులో అల్లూరి సీతారామరాజు స్టేడియం, సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ లాంటి చోట్ల, తాడేపల్లిగూడెంలో నిట్ లాంటి పెద్ద ప్రాంగణాల్లో తప్ప అంత జాగా దొరకడం కష్టం. నేల ఎవరిది, శిక్షకుడి జీతం ఎవరిది అన్న ఈ రెండు ప్రశ్నలకు ఏ ప్రసార ఒప్పందంలోనూ జవాబు ఉండదు.

తెలుగునాట ఫుట్‌బాల్ ఎన్నడూ లేదని కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. అప్పటికి మన ఇళ్లలో టీవీలే లేవు. ఆటగాడికి పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది, పొద్దున్నే లేపి పరిగెత్తించే గురువు ఉన్నాడు, అంతే. దీని పక్కన హైదరాబాద్ ఎఫ్‌సీని పెట్టి చూడండి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ విజేత అయింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, యజమానుల మార్పు. 2025 అక్టోబరుకు క్లబ్బు ఢిల్లీకి మారి పేరు కూడా మార్చుకుంది. మూడున్నరేళ్ల కిందటి ఛాంపియన్ మూటాముల్లె సర్దుకుపోతే హైదరాబాద్‌లో పెద్ద గొడవేమీ జరగలేదు. ఆ డిసెంబరులోనే మెస్సీ వస్తే మాత్రం ఉప్పల్ స్టేడియం హోరెత్తింది. చూసేవాళ్లు మనకు కొరత కాదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ బలమైనవే. టీవీవాళ్లను కాదంటే మిగిలేది రాజకీయ నాయకులే కదా అన్నది మొదటిది. 1988 నుంచి 2008 వరకు ప్రియరంజన్ దాస్‌మున్షీ, తర్వాత 2022 వరకు ప్రఫుల్ పటేల్ సమాఖ్యను ఏలారు. ఆ 2022 ఆగస్టులోనే ఫిఫా మన సమాఖ్యను కొన్నాళ్లు సస్పెండ్ చేసింది. ఆ చరిత్ర చూస్తే మ్యాచ్ విలువ తెలిసిన మనిషి కుర్చీలో ఉండటమే నయం. ఒప్పుకోవాల్సిందే. జియోస్టార్ క్రీడా విభాగాన్ని నడిపిన సంజోగ్ గుప్తా 2025 జులైలో అంతర్జాతీయ క్రికెట్ మండలి సీఈవో అయ్యారు. క్రికెట్‌కు అలాంటివారు సరిపోవచ్చు, ఎందుకంటే బ్యాటు పట్టని వీధి ఈ దేశంలో లేదు. ఉన్న ఆటను అమ్మడం ఒకటి, లేని చోట ఆటను పుట్టించడం మరొకటి. టీవీ అధికారికి మొదటిది వచ్చు, రెండోది ఆయన చదివిన చదువులో లేదు. రెండో అభ్యంతరం, తెర మీద చూడబట్టే కదా పిల్లలకు ఆశ పుడుతుంది అన్నది. పుడుతుంది. కానీ అలా పుట్టిన ఆశ ఎక్కువగా యూరప్ క్లబ్బు జెర్సీ కొనడం దగ్గరే ఆగుతుంది. జెర్సీ తొడుక్కున్న పిల్లవాణ్ని సాయంత్రం నాలుగున్నరకు మైదానంలో నిలబెట్టే మనిషి కావాలి.

ఆ మనిషికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. దేశంలో ఉన్న దాదాపు 800 జిల్లాల్లో, జిల్లాకు ఒక ఫుట్‌బాల్ శిక్షకుణ్ని నెలకు 30 వేల జీతం మీద పెట్టుకుంటే ఏడాదికి 29 కోట్ల లోపే. ఒప్పందం నడిచినన్నాళ్లూ సమాఖ్యకు ఏటా ముట్టిన దాదాపు 50 కోట్లలో అది సగం పైచిలుకు. మిగిలినదాంతో జాతీయ జట్ల ప్రయాణాలు, రిఫరీలు, మహిళల లీగ్, కార్యాలయం గడవవని సమాఖ్య అనవచ్చు, అది నిజమే కావచ్చు కూడా. అలాగైతే ఈసారి టెండరు రాసేటప్పుడు ఏలూరు జిల్లా శిక్షకుడి జీతాన్ని కూడా అందులో కలిపి ధర అడగాలి. ఆ షరతు మీద ఎవరూ ముందుకు రాకపోతే, షరతు లేని టెండరుకు మాత్రం ఎవరొచ్చారు?