మనిషికి బీమా, మగ్గానికి మొండిచెయ్యి

న్యూఢిల్లీ: బీమా చట్టాల సవరణ బిల్లును పార్లమెంటు ఉభయసభలు 2025 డిసెంబరులో ఆమోదించాయి. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు ‘సబ్‌కా బీమా, సబ్‌కీ రక్షా’. అనగా, అందరికీ బీమా, అందరికీ రక్షణ. బిల్లులోని ముఖ్యాంశం మాత్రం బీమా కంపెనీలలో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 శాతం నుంచి 100 శాతానికి పెంచడం. పెట్టుబడి ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. కాని ‘అందరికీ’ అన్న మాటలో ఎవరెవరు చేరుతారన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. దానికి సమాధానం పార్లమెంటు భవనంలో కంటె యమునకు ఆవలి ఒడ్డున వెదకడం మేలు.

అక్కడి గాంధీనగర్ దుస్తుల టోకు వ్యాపారానికి పేరుమోసిన బజారు. ఆ చుట్టుపట్ల పేటలలో ఎన్నో కుటుంబాలకు ఒక్క గదే ఇల్లు, అదే కార్ఖానా. ఒక మూల కుట్టుమిషను, మరొక మూల గ్యాసుపొయ్యి, మంచం కింద వ్యాపారి పంపిన గుడ్డల మూటలు. పగలంతా కుట్టి, దారాలు కత్తిరించి, రాత్రి మూటలను గోడకు జరిపి అక్కడే పడుకుంటారు. ఆ గదికి నిప్పంటుకుంటే కాలిపోయింది ఇల్లా, దుకాణమా? ఆ కుటుంబానికి ఈ ప్రశ్నే అర్థం కాదు. బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్న మాత్రం అదే.

కంపెనీల వద్ద పాలసీలు లేకపోలేదు. బీమా నియంత్రణ సంస్థ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఒకే నమూనా పాలసీలు అమలులోకి వచ్చాయి. నివాస గృహానికి ‘భారత్ గృహరక్ష’. ఒకేచోట 5 కోట్ల రూపాయలకు మించని ఆస్తిగల చిన్న వ్యాపారానికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం రెండింటికీ వర్తిస్తాయి. అయితే మొదటిది ఇంటికి, ఇంటి సామానుకు ఉద్దేశించినది. అమ్మకానికి ఉంచిన సరుకు ఇంటి సామాను కాదు. రెండవది వ్యాపారానిది, అందులో పిల్లల పుస్తకాలకు, వంటపాత్రలకు చోటు లేదు. రెండూ వేరువేరుగా కొనగల స్తోమత ఆ గదిలో ఉన్నవారికి ఉండదు. చివరకు వారి గతి రెంటికీ చెడ్డ రేవడి గతి.

బీమా ఒప్పందానికి పరమ విశ్వాసం పునాది అని న్యాయశాస్త్రం చెబుతుంది. ముఖ్యమైన విషయం దాచితే పరిహారం నిరాకరించే అవకాశం కంపెనీకి ఉంటుంది. మరి ఇంట్లో వ్యాపారం ఉన్నదని పత్రంలో రాయడానికి జనం ఎందుకు జంకుతారు? మునిసిపాలిటీ లైసెన్సు అడుగుతుందేమో, కరెంటు రేటు మారుతుందేమో, ఇంటి యజమాని ఖాళీ చేయమంటాడేమోనని భయం. ఆ భయం నిరాధారం కాదు. నిజం చెబితే నేటి నీడకు ముప్పు, చెప్పకపోతే రేపటి పరిహారానికి ముప్పు.

మరొక చిక్కు ఉన్నది. మంచం కింది గుడ్డ కుట్టేవారిది కాదు, వ్యాపారిది. ఇతరుల సరుకు మన అధీనంలో ఉన్నదని పాలసీలో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప సాధారణంగా దానికి రక్షణ లభించదు. సరుకు తడిసినా, కాలినా దాని ఖరీదును కూలిలోంచి కోసుకొనే అవకాశం వ్యాపారి చేతిలో ఉంటుంది. ఆ విధంగా, లాభంలో వాటా లేని మనిషికి నష్టంలో మాత్రం పూర్తి వాటా దక్కుతుంది.

ఇక ప్రభుత్వాల సంగతి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి, యజమాని కోసం ఇంటివద్ద పనిచేసే కార్మికుని స్పష్టంగా నిర్వచించింది. అది మంచిదే. కాని అసంఘటిత కార్మికులకై కేంద్రం రూపొందించవలసిన పథకాలుగా అది పేర్కొన్నవి ప్రాణానికి, అంగవైకల్యానికి, ఆరోగ్యానికి, ప్రసూతికి, వార్ధక్యానికి సంబంధించినవి. పనిముట్టు మాట అందులో విడిగా లేదు. 2015లో ఆరంభమైన రెండు ప్రధానమంత్రి బీమా పథకాలూ అంతే. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా. తెలంగాణలో 2022 ఆగస్టు 7న ప్రారంభించిన నేతన్న బీమా 5 లక్షల రూపాయలు ఇచ్చేది కూడా నేతగాడు కన్నుమూసిన పిమ్మటనే.

నేతగాని ఇల్లు చూసినవారికి ఇందులోని లోపం విడమరచి చెప్పనక్కరలేదు. గుంటమగ్గం ఇంటి నేలలోనే ఉంటుంది. వరద గడప దాటితే మొదట నిండేది మగ్గం గుంట. పడుగు కుళ్లుతుంది, రంగులు కలిసిపోతాయి, పోగేసిన నూలు పనికిరాకుండా పోతుంది. మనిషి బతికే ఉంటాడు. కనుక బీమా రాదు. బతుకుతెరువు పోయినందుకు సర్కారు దయతలచి ఇచ్చే సహాయం కోసం వరుసలో నిలబడవలసిందే. 2019–20 నాటి అఖిల భారత గణన ప్రకారం చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. కుట్టుపని, బీడీలు, అప్పడాలు, పచ్చళ్లు నమ్ముకున్నవారు వీరికి అదనం.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. అహ్మదాబాదులో ఇలాభట్ 1972లో స్థాపించిన సేవా సంఘం 1992లోనే తన సభ్యులకు ప్రాణం, ఆసుపత్రి ఖర్చు, ఇల్లు, పనిముట్లు అన్నిటినీ ఒకే బీమా కిందికి తెచ్చింది. ఇల్లు వేరు, పనిచోటు వేరు అన్న విభజన పేద స్త్రీ జీవితంలో లేదని ఆ సంఘం గ్రహించింది. ఆమె అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిషను 1988లో ‘శ్రమశక్తి’ నివేదిక సమర్పించి, ఇంటిపట్టున శ్రమించే స్త్రీలను దేశం కళ్లెదుట నిలిపింది. గృహ ఆధారిత పనివారిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను భారతదేశం ఆమోదించనేలేదు.

కావలసినవి మూడు. ఇంటికీ పనికీ కలిపి ఒకే చిన్న పాలసీ. అప్పగించిన సరుకుకు అందులోనే రక్షణ. ఆ సరుకు పంపే వ్యాపారి ప్రీమియంలో తనవంతు భరించాలన్న నిబంధన. ఇంట్లో పని జరుగుతున్నదని బీమా కోసం చెప్పిన నిజాన్ని లైసెన్సు అధికారులు ఆయుధంగా వాడరాదన్న హామీ కూడా వీటికి తోడు కావాలి. 2047 నాటికి అందరికీ బీమా అన్నది నియంత్రణ సంస్థ పెట్టుకున్న గడువు. వరద అంతవరకు ఆగదు. బీమాపై సభలో మళ్లీ చర్చ వచ్చినప్పుడు, నేతవాడల ఓట్లతో ఢిల్లీ చేరిన మన సభ్యులలో ఒకరైనా లేచి మగ్గం గుంట సంగతి అడుగుతారా అన్నది చూడవలసి ఉన్నది.