యాంటీవైరస్: ఎంతవరకు నమ్మాలి, ఎవరిని నమ్మాలి

1983లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధక విద్యార్థి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. యూనిక్స్ మీద నడిచే ఒక వ్యాక్స్ కంప్యూటర్‌లో, అందరికీ అందుబాటులో పెట్టిన ఒక కొత్త ప్రోగ్రాం మొదట్లో దాన్ని అతికించాడు. ఆ ప్రోగ్రాంను ఎవరు నడిపితే వాళ్ల అనుమతులతోనే అది వాళ్ల ఫైళ్లలోకి పాకేది. అయిదుసార్లు ప్రయోగం చేస్తే అయిదుసార్లూ గంటలోపే కంప్యూటర్ మొత్తం మీద అధికారం కోహెన్ చేతికొచ్చింది. ఒకసారైతే అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నిర్వాహకులు బెదిరిపోయి, ఇక ఇలాంటి ప్రయోగాలు వద్దన్నారు. ఈ రకం ప్రోగ్రాంలకు వైరస్ అన్న పేరు సూచించింది ఆయన గురువు లియొనార్డ్ ఆడెల్మన్. ఆర్‌ఎస్‌ఏ అనే ప్రసిద్ధ గూఢలిపి పేరులో చివరి అక్షరం ఈయనదే.

ఇంటి కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్ కొనాలా అని ఆలోచించేవాళ్లకు ఆ ప్రయోగం కన్నా, 1984లో కోహెన్ సమర్పించిన వ్యాసంలోని ఒక రుజువు ఎక్కువ పనికొస్తుంది. ఏ ప్రోగ్రాంనైనా పరీక్షించి ఇది వైరస్ అవునో కాదో ఎన్నడూ పొరబడకుండా చెప్పే యంత్రం ఒకటి ఉందనుకుందాం. ఇప్పుడు ఇంకొకరు ఒక ప్రోగ్రాం రాస్తారు. అది నడవడం మొదలవగానే ‘నేను వైరస్‌నా?’ అని ఆ యంత్రాన్నే అడుగుతుంది. అవునంటే ఏమీ చేయకుండా ఆగిపోతుంది. కాదంటే పక్క ఫైళ్లలోకి వ్యాపిస్తుంది. యంత్రం ఏ జవాబిచ్చినా తప్పే అవుతుంది. కాబట్టి అలాంటి యంత్రం ఉండటానికి వీల్లేదు. ఇది నేటి సాంకేతికత చాలక వచ్చిన లోటు కాదు. రేపు ఎంత వేగమైన కంప్యూటర్ వచ్చినా, ఎంత తెలివైన కృత్రిమ మేధ వచ్చినా తీరేది కాదు. నూటికి నూరు శాతం రక్షణ అని ప్రకటించే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఈ రుజువు దగ్గర పెట్టుకుని చూడాలి.

కచ్చితంగా తెలుసుకోవడం కుదరదు గనక యాంటీవైరస్‌లు అంచనా మీద పని చేస్తాయి. అన్నిటికన్నా పాత పద్ధతి సిగ్నేచర్లది. దొరికిన ప్రతి వైరస్ నుంచి దానికే ప్రత్యేకమైన గుర్తును తీసి జాబితాలో పెడతారు. మీరు తెరిచే ప్రతి ఫైలునూ యాంటీవైరస్ ఆ జాబితాతో సరిచూస్తుంది. జాబితాలో ఉన్నది వెంటనే దొరికిపోతుంది, లేనిది దాటిపోతుంది. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ-టెస్ట్ సంస్థ రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా కొత్త హానికర, అవాంఛిత ప్రోగ్రాంలను నమోదు చేస్తోంది. వీటిలో చాలావరకు పాతవాటికే పైపైన మార్పులు చేసినవి. లోపలి పని అదే అయినా రూపం మారేసరికి పాత గుర్తు సరిపోదు.

అందుకే ఇప్పటి యాంటీవైరస్‌లు రూపంతో పాటు నడవడికనూ చూస్తాయి. ఒక ప్రోగ్రాం వరసబెట్టి వందలాది ఫొటోలను తెరిచి, చదవడానికి వీల్లేకుండా మార్చి, అసలువాటిని చెరిపేస్తోందనుకోండి. దాని పేరు ఏ జాబితాలో లేకపోయినా అది చేస్తున్నది డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ చేసే పనే, ఆపెయ్యాలి. అనుమానం ఉన్న ఫైలును అసలు విండోస్‌కు తగలకుండా ఒక నకలు వాతావరణంలో కాసేపు నడిపి చూడటం ఇంకో పద్ధతి. ఎప్పుడూ చూడని ఫైలు ఎదురైతే దాని వివరాలను కంపెనీ సర్వర్లకు పంపి, అక్కడి నుంచి క్షణాల్లో తీర్పు తెప్పించుకోవడం మరొకటి. ఈ చివరిదానికి ఇంటర్నెట్ ఉండాలి. ఈ ఒక్క విషయం ఎంపికలో పెద్ద తేడా తెస్తుంది.

ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లోకీ వైరస్ రాగలదు. పెన్ డ్రైవ్ పట్టుకుని నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు తిరిగినవాళ్లలో చాలామందికి షార్ట్‌కట్ వైరస్ పరిచయమే. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచిపెట్టి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు తయారుచేస్తుంది. మీరు క్లిక్ చేస్తే మీ ఫోల్డరూ తెరుచుకుంటుంది, దాంతోపాటు వైరస్ కూడా నడుస్తుంది. అన్నీ పోయాయన్న భయంతో పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, ఉన్న ఫైళ్లను చేతులారా పోగొట్టుకుంటారు చాలామంది. ముందు స్కాన్ చేసి వైరస్‌ను తీసేసి, ఆ తర్వాత దాచిన ఫైళ్లను బయటికి తెచ్చుకుంటే చాలు.

అంచనా అన్నాక పొరపాటు రెండు వైపులా ఉంటుంది. మంచి ఫైలును వైరస్ అనుకోవడం కూడా ప్రమాదమే. మీ కంప్యూటర్‌లో మూడు లక్షల ఫైళ్లున్నాయనుకుందాం. వెయ్యింటికి ఒక్కటి తప్పుగా అనుమానించినా మూడు వందల మంచి ఫైళ్లు పోతాయి. వాటిలో ఒకటి విండోస్‌కు ప్రాణమైన ఫైలు కావచ్చు. 2010 ఏప్రిల్ 21న అదే జరిగింది. యాంటీవైరస్ కంపెనీ మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే కీలక ఫైలును వైరస్‌గా పొరబడింది. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అవుతూ పనికిరాకుండా పోయాయి. కాబట్టి ఎక్కువ పట్టేదే మంచి యాంటీవైరస్ అనుకోకూడదు. ఎంత పడుతోందో, ఎంత తప్పుగా పడుతోందో కలిపి చూడాలి.

అలా కలిపి కొలిచే స్వతంత్ర సంస్థలున్నాయి. ఏవీ-టెస్ట్ రక్షణకు ఆరు, వేగానికి ఆరు, వాడకంలో ఇబ్బంది పెట్టకపోవడానికి ఆరు చొప్పున 18 పాయింట్లకు మార్కులేస్తుంది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఉన్న ఏవీ-కంపారిటివ్స్ తప్పుడు హెచ్చరికలను విడిగా లెక్కపెడుతుంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఎంత పట్టిందో, లేనప్పుడు ఎంత పట్టిందో కూడా వేరువేరుగా చూపిస్తుంది. ఈ పట్టికల్లో ఎవరు మొదటి స్థానంలో ఉన్నారని చూడటం వల్ల లాభం లేదు. పేరున్న ఉత్పత్తుల మధ్య తేడా చాలాసార్లు ఒక శాతం లోపే ఉంటుంది, తర్వాతి విడతలో వరుస మారిపోతుంది. వరుసగా కొన్ని విడతల్లో ఎవరు నిలకడగా ఉన్నారో చూడాలి.

అలా చూసినప్పుడు కొందరిని ఆశ్చర్యపరిచే సంగతి, విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆ నిలకడైన జాబితాలో ఉండటం. పదిహేనేళ్ల కిందట మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన రక్షణకు అంత మంచి పేరు లేదు. 2012లో విండోస్ 8తో అది పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌లో కలిసిపోయింది, ఆ తర్వాత బాగా మెరుగుపడింది. ఇంట్లో ఇంటర్నెట్ ఉండి, విండోస్ 11 ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవుతూ, పిల్లల చదువుకూ బ్యాంకు పనులకూ వాడే కంప్యూటర్‌కు డిఫెండర్ చాలునని నేను ధైర్యంగా చెబుతాను. దానిలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే ఏర్పాటు ఉంది. అది మామూలుగా ఆపేసి ఉంటుంది. ఆన్ చేస్తే, నమ్మకం లేని ప్రోగ్రాంలు మీ ఫొటోలు, డాక్యుమెంట్ల ఫోల్డర్లలో మార్పులు చేయలేవు. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రాంలనూ అడ్డుకుంటుంది, వాటికి మీరే అనుమతి ఇవ్వాలి. ఆ కాస్త శ్రమకు ఫలితం పెద్దది.

కొత్త ల్యాప్‌టాప్‌లో ట్రయల్ యాంటీవైరస్ ముందే వేసి ఇస్తుంటారు. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ట్రయల్ గడువు దాటితే రోజూ కనిపించే రెన్యువల్ హెచ్చరికను మూసేస్తూ, ఏ రక్షణా సరిగా లేకుండా నెలలు గడిపేవాళ్లున్నారు. డబ్బు కట్టదలచుకోకపోతే దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి డిఫెండర్ ఆన్ అయిందో లేదో కళ్లారా చూసుకోవాలి. రెండు యాంటీవైరస్‌లు వేస్తే రెట్టింపు రక్షణ రాదు. ఒకే ఫైలు కోసం రెండూ పోటీపడి సిస్టమ్ నత్తనడక నడుస్తుంది.

డబ్బు కట్టి కొనాల్సిన అవసరం ఎవరికి? ఇంటర్నెట్ లేకుండా, వచ్చేపోయే పెన్ డ్రైవ్‌లతో పని జరిగే కంప్యూటర్ ఉన్నవాళ్లకు. డిఫెండర్ బలంలో పెద్ద భాగం క్లౌడ్‌లో, అంటే కంపెనీ సర్వర్లలో ఉంది. నెట్ లేనప్పుడు అది కొన్ని పోటీ ఉత్పత్తుల కన్నా తక్కువ పడుతుందని పరీక్షల్లో కనిపిస్తూనే ఉంది. అలాంటిచోట, సొంత జాబితా బలంగా ఉండి, దాన్ని పెన్ డ్రైవ్‌లో తెచ్చి వేసుకునే వీలున్న ఉత్పత్తి మేలు. పిల్లల వాడకం మీద అదుపు, ఇంట్లో ఉన్న అయిదారు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లన్నిటికీ ఒకే లైసెన్సు, ఫోన్ చేస్తే మన దేశంలో పలికే సహాయ కేంద్రం కావాలనుకునేవాళ్లకూ అర్థం ఉంది. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 దశాబ్దాలుగా ఈ రంగంలో ఉన్నాయి. కొనేముందు మొదటి ఏడాది తగ్గింపు ధర కాకుండా రెండో ఏడాది రెన్యువల్ ధర చూడాలి. కార్డు నుంచి ఆటో రెన్యువల్‌కు ఒప్పుకున్నామేమో గమనించాలి.

ధర కన్నా పెద్ద విషయం నమ్మకం. యాంటీవైరస్ పని చేయాలంటే అది మీ ప్రతి ఫైలునూ చదవాలి, చాలావాటిలో మీరు చూసే వెబ్‌సైట్లనూ గమనించాలి, ఆపరేటింగ్ సిస్టమ్ అంతర్భాగం దాకా చేరాలి. కంప్యూటర్‌లో మరే ప్రోగ్రాంకూ మనం ఇన్ని అధికారాలు ఇవ్వం. ఆ అధికారం దారి తప్పితే ఏమవుతుందో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ ఉదంతం చెబుతుంది. వాడేవాళ్ల బ్రౌజింగ్ వివరాలను ఆ కంపెనీ జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుందని 2020 జనవరిలో పత్రికలు బయటపెట్టాయి. జంప్‌షాట్ మూతపడింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం అలాంటి వివరాలు అమ్మకుండా నిషేధించింది. జనం తమను ఆన్‌లైన్ నిఘా నుంచి కాపాడుతుందని నమ్మి వేసుకున్న సాఫ్ట్‌వేర్ అది. ఉచితమైనా డబ్బుదైనా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీ వివరాలు పంచుకోవడానికి అనుమతి అడిగే గడులను చదివి, టిక్ తీసేయడం తప్పనిసరి.

దురుద్దేశం లేకపోయినా ఆ లోతైన అధికారం ముప్పు తేగలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. అది సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్, ఇళ్లలో ఉండేది కాదు. అయినా, అవసరం లేని రక్షణ పొరలను ఒకదాని మీద ఒకటి వేసుకోవద్దు అనడానికి అంతకన్నా పెద్ద నిదర్శనం అక్కర్లేదు.

యాంటీవైరస్ ఎంపిక మీద పెట్టే శ్రద్ధలో సగం విండోస్ అప్‌డేట్ల మీద పెడితే ఎక్కువ మేలు. 2017 మే 12న వానాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కరలేకుండా, విండోస్‌లోని ఒక లోపం గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకొక దానికి దానంతట అదే పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన అది చొరబడలేకపోయింది.

ఇప్పుడు విండోస్ 10 వాడేవాళ్లు ఇదే కోణంలో ఆలోచించాలి. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల జాబితాలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. డిఫెండర్ ఇంకా పచ్చటిక్కు చూపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోకపోతే విండోస్‌లో కొత్తగా బయటపడే లోపాలు పూడవు, వాటిని ఏ యాంటీవైరసూ పూడ్చలేదు. పొడిగింపుకు నమోదు చేసుకోవడం, విండోస్ 11కు మారడం, పాత కంప్యూటర్ అయితే లినక్స్ వేసుకోవడం అనే మూడు దారుల్లో ఏదో ఒకటి పట్టాలి.

యాంటీవైరస్‌కు అందని మోసాలూ ఉన్నాయి. బ్యాంకు నుంచంటూ ఫోన్ చేసి, స్క్రీన్ పంచుకునే యాప్ వేయించుకునేవాడి చేతిలో ఉన్నది సక్రమమైన సాఫ్ట్‌వేరే, దాన్ని వేసుకున్నదీ మీరే. యాంటీవైరస్‌కు అందులో తప్పేమీ కనిపించదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఇక క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సూచనల్లో ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని ఉంటుంది. ఆపేసిన తర్వాత ఏ కంపెనీదైనా ఒకటే. ఇప్పటికే ఏదో చొరబడిందన్న అనుమానం ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే శుభ్రపరిచే టూల్స్‌తో ఒకసారి స్కాన్ చేసి చూడొచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఏదో ఒక రోజు ఏదో ఒకటి దాటి రావచ్చని కోహెన్ రుజువు చెబుతోంది గనక, ఫొటోలు, ఇంటి పత్రాల కాపీ వేరేచోట ఉండాలి. ఏడాది లైసెన్సుకు పెట్టే డబ్బును ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కోసం దాచమని నేను చాలామందికి చెబుతుంటాను. నెలకోసారి తగిలించి, కాపీ అవగానే తీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ సీ డ్రైవ్‌తో పాటు దానికీ తాళం వేసేస్తుంది.