జూబ్లీహిల్స్ పిన్‌కోడ్‌ను ఏ సంఖ్య భాగిస్తుంది?

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ పిన్‌కోడ్ 500033. ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేయడానికి తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలుపెట్టింది. మరి దీన్ని మామూలు సంఖ్యగా తీసుకుని విడగొడితే?

చివరి అంకె 3 కాబట్టి 2, 5 భాగించవు. అంకెల మొత్తం 11, అంటే 3 కూడా కుదరదు. 7తో భాగిస్తే 2 మిగులుతుంది, 13తో 1. ఇలా 43 దాకా ఏ ప్రధాన సంఖ్యకూ లొంగదు. ఇదే ప్రధాన సంఖ్య అనేద్దామా? తొందరొద్దు, 707 దాకా చూడాలి. ఎందుకు? 708ని 708తో గుణిస్తే 500033 దాటిపోతుంది. కాబట్టి కారణాంకాలు ఉంటే, రెండింట్లో ఒకటి 707 లోపే దొరకాలి.

తర్వాతి ప్రధాన సంఖ్య 47. దొరికింది! 47 × 10639 = 500033. ఆ 10639 కూడా ప్రధాన సంఖ్యే. ఇలా రెండే ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని సెమీప్రైమ్ అంటారు. వందల అంకెలున్న సెమీప్రైమ్‌లను విడగొట్టడం కంప్యూటర్లకూ మహా కష్టం. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేత పద్ధతికి బలం అదే.

ఫిల్మ్‌నగర్ చిరునామాల్లో కనిపించే 500096 తీరే వేరు. 2తో ఏడుసార్లు భాగించవచ్చు: 128 × 3907. దీనికి 16 భాజకాలు. తనను వదిలి మిగతావి కూడితే 496444; తనతో సమానం కావడానికి 3652 మాత్రమే తక్కువ! సమానమై ఉంటే 28లాగా పరిపూర్ణ సంఖ్య అయ్యేది. 500033కి అదే మొత్తం 10687 దగ్గరే ఆగిపోతుంది.