కారుకీ ఉంది వడపోత

కారు సంగతి మగవాళ్లు చూసుకుంటారు, మనకెందుకులే అనుకోకండి. పిల్లల్ని బడిలో దించి, కూరలు ఇంటికి చేర్చే బండి మనదే కదా.

ఇంజనులో నిమిషానికి వేలసార్లు తిరిగే భాగాలు ఒకదాన్నొకటి అరగదీసుకోకుండా మధ్యలో పల్చని పొరలా నిలిచేది ఆయిలే. మసినీ, లోహపు పొడినీ తనలో కలుపుకుని మోసుకుపోతుంది కూడాను. అందుకే నల్లబడుతుంది. నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. డీజిలు బండిలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లనవుతుంది.

ఆ మురికిని పట్టేది ఫిల్టరు. పైకి చిన్న రేకు డబ్బా, లోపల మడతలు మడతలుగా కాగితం. మన కాఫీ ఫిల్టరులో పొడి బిగుసుకుంటే డికాక్షను దిగదు, ఓ తట్టు తట్టి ఊరుకుంటాం. ఇంజను అలా ఆగలేదు. ఫిల్టరు పూడుకుపోతే ఓ చిన్న కవాటం తెరుచుకుని, ఆయిలు వడపోత లేకుండానే లోపలికి పోతుంది. బండి మామూలుగానే నడుస్తుంది! లోపలి అరుగుదల మాత్రం మనకు తెలియదు. అందుకని ఆయిలు మార్చినప్పుడల్లా ఫిల్టరూ మార్చాలి. లేకపోతే తలంటు పోసుకుని మాసిన చీర కట్టుకున్నట్టే.

మా బండికి ఒకసారి బిల్లులో కొత్త ఫిల్టరు ధర వేశారు. మరుసటి ఏడు వేరేచోట విప్పిస్తే, అంతకు రెండేళ్లకిందట పెన్నుతో రాసిన తేదీ డబ్బా మీద అలాగే ఉంది! అప్పట్నుంచీ పాత ఫిల్టరు చేతిలో పెడితేనే డబ్బిస్తున్నాను.

చూడ్డానికి ఒకేలా ఉన్నా మరలూ, రబ్బరు రింగు కొలతా వేరుగా ఉండొచ్చు. బండితో ఇచ్చిన పుస్తకంలోని నంబరు చెప్పి, నమ్మకమైన కొట్లో అడగండి. ఆయిలూ అంతే. చిక్కగా ఉంటే బలమనుకుని మార్చకండి.

ఇక ఎన్నాళ్లకు? ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. "మేం 3,000 కూడా తిరగలేదండీ" అంటారు కొందరు. నిజానికి మన తిరుగుడే ఆయిలుకు కష్టం. బడిదాకా, మార్కెట్టుదాకా వెళ్లొస్తే ఇంజను సరిగా వేడెక్కదు. లోపల చేరిన చెమ్మా, కాలని పెట్రోలూ ఆయిల్లోనే ఉండిపోతాయి. దుమ్ము రోడ్లూ, ట్రాఫిక్కులో గంటలకొద్దీ నిలబడడమూ అంతే. ఇలాంటి వాడకానికి పుస్తకంలో తక్కువ గడువు విడిగా ఇస్తారు, అది చూసుకోండి.

నెలకోసారి మీరే పరీక్షించొచ్చు. బండిని సమంగా ఉన్నచోట నిలిపి, ఇంజను ఆపి పదినిమిషాలాగి, కొలపుల్ల తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటినా మంచిది కాదు. పాలు కలిసినట్టు తెల్లగా కనబడితే నీళ్లు చేరుతున్నాయన్నమాట, మెకానిక్కుకు చూపించండి. నడుస్తుండగా నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగిందా, "ఇల్లు దగ్గరేగా" అనుకోవద్దు. పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపేయండి.

అన్నట్టు, తీసిన పాత ఆయిలును ఇంటిముందు కాలవలో పోయనివ్వకండి. షెడ్డులో పీపా ఉంటుంది, అందులో పోయమనండి.