గుడ్డలో వడకడితే ఆయిల్ శుభ్రమైనట్టేనా?

వరి పొట్ట మీదున్నప్పుడు డీజిల్ ఇంజను పట్టేస్తే రైతు అవస్థ వేరే చెప్పనక్కరలేదు. చేను నెర్రెలిస్తుంటే ఇంజను షెడ్డులో విప్పి పడి ఉంటుంది.

నాలుగు డబ్బులు కలిసొస్తాయని కొందరు రైతులు దించిన ఆయిల్‌నే పాత లుంగీ గుడ్డలో వడకట్టి మళ్లీ పోస్తున్నారు. గుడ్డ ఆపేది కంటికి కనిపించే నలుసుల్నే. ఇంజనును తినేసేది కనిపించని దుమ్ము, ఇనుప రజను. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తిరిగే క్రాంకు షాఫ్టుకూ బేరింగుకూ మధ్య నిలిచే ఆయిల్ పొర కొద్ది మైక్రాన్లే. అందులో 10, 20 మైక్రాన్ల రజను పడిందంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టే. అరిగేకొద్దీ కొత్త రజను పుడుతుంది. పైగా ఆయిల్‌లో కంపెనీవారు కలిపిన రసాయనాలు వాడకంలో ఖర్చయిపోతాయి. వాటిని ఏ గుడ్డా తిరిగి తేలేదు.

ఫ్యాక్టరీల్లో పెద్ద యంత్రాల ఆయిల్‌ను సన్నని ఫిల్టర్ల గుండా తిప్పుతుంటారు. డ్రమ్ములో వచ్చిన కొత్త ఆయిల్‌ను కూడా ఫిల్టరు చేశాకే పోసేవారున్నారు. మనమేమో మూతలేని డబ్బాలో ఉంచి, దుమ్ము పట్టిన గరాటుతో పోస్తాం!

ట్రాక్టర్లకు, కొన్ని ఇంజన్లకు కాగితపు ఫిల్టరు ఉంటుంది. అది పూడుకుపోతే ఆయిల్ ఆగకుండా చాలావాటిలో పక్కదారి వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది. ఇంజను మామూలుగానే నడుస్తుంది కాబట్టి రైతుకు తెలియదు. ఈ ఫిల్టరును కడిగి వాడకూడదు, మార్చాల్సిందే. జాలీ మాత్రమే ఉన్న చిన్న ఇంజన్లలో జాలీని డీజిల్‌తో కడగవచ్చు. కానీ సన్నని రజనును అది ఆపలేదు, వేళకు ఆయిల్ మార్చడమే దారి.

దుమ్ము గాలి దారిన కూడా వస్తుంది. ఎయిర్ క్లీనరు గిన్నెలో బురద చేరితే కడిగి, గుర్తు దాకా కొత్త ఆయిల్ పోయాలి. నూర్పిళ్లప్పుడు రోజూ చూసుకోవాలి.

ఆయిల్ నల్లబడిందని కంగారు పడనక్కరలేదు, అది డీజిల్ మసి. పాలలా తెల్లబడితే మాత్రం నీరు కలిసినట్టే, ఇంజను ఆపి మెకానిక్‌ను పిలవండి. దించిన ఆయిల్ కాలువలో పారబోయవద్దు, చేతికంటితే సబ్బుతో కడుక్కోవాలి.

ఒక రైతు ఇంజను నడిచిన గంటలను షెడ్డు గోడ మీద బొగ్గుతో గీసుకోవడం చూశాను. పుస్తకంలో చెప్పిన గంటలు నిండగానే, ఇంజను ఆపి వేడి తగ్గకముందే ఆయిల్ దించుతాడు. అప్పుడైతే అడుగు మడ్డి కూడా దిగిపోతుందట.