తాళికి పిన్నీసులు... నిద్రపోని అయస్కాంతం!

మన తాళిగొలుసుకి రెండు మూడు పిన్నీసులు వేలాడకపోతే మనకి తోచదు కదండీ! కుచ్చెళ్లకొకటి, పైటకొకటి, అవసరానికి ఇంకొకటి. ఆ పిన్నీసులే కిందటేడు నన్ను ఎంత ప్రమాదం అంచుదాకా తీసుకెళ్లాయో చెబితే మీరూ జాగ్రత్తపడతారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నడుంనొప్పి ఎంతకీ తగ్గకపోతే డాక్టరుగారు ఎమ్మారై స్కానింగు రాశారు. అక్కడ ఆయమ్మ గౌను చేతికిచ్చి, "ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదమ్మా, తాళితో సహా తీసెయ్యండి" అంది. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక తీశాను గానీ తాళి తీయడానికి మనసొప్పలేదు. గౌను లోపలికి తోసేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. తీరా గుమ్మం దగ్గర టెక్నీషియన్ అబ్బాయి ఏదో పరికరం ఒంటికి దగ్గరగా తిప్పితే కుయ్యిమంది! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"ఒక్క నిమిషం ఆ అయస్కాంతం ఆపేయరాదూ బాబూ, నేను పడుకున్నాక వేసుకో" అన్నాను. ఆ అబ్బాయి నవ్వి, "అది ఆపేది కాదండీ. రాత్రింబవళ్లు, పండగ రోజు కూడా పనిచేస్తూనే ఉంటుంది. కరెంటు పోయినా సరే!" అన్నాడు.

కరెంటు పోయినా కరెంటుతో పనిచేసే వస్తువా? ఆ రోజు స్కానింగు చేయించుకోకుండానే తిరిగొచ్చేశాను. మా తమ్ముడు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. వాడిని కూర్చోబెట్టి అడిగినవీ, వాడు చెప్పినవీ ఇవి. మీకూ ఇవే సందేహాలు రావచ్చు.

ఎందుకు ఆగదు?

మిక్సీ చాలాసేపు వాడితే వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టె సరేసరి. తీగలో కరెంటు వెళుతుంటే దారిలో అడ్డంకులు తగులుతాయి, ఆ ఒరిపిడిలో కొంత వేడిగా పోతుంది. దాన్నే నిరోధం అంటారు. కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే ఒక హద్దు దాటగానే ఆ నిరోధం పూర్తిగా మాయమైపోతుందట. కొంచెం తగ్గడం కాదు, సున్నా! అవే సూపర్ కండక్టర్లు. అలాంటి తీగను చుట్టగా చుట్టి, ఒక్కసారి కరెంటు ఎక్కించి, రెండు కొసలూ కలిపేస్తే అది లోపల్లోపలే తిరుగుతూ ఏళ్ల తరబడి ఉంటుంది. స్కానింగు యంత్రంలో అయస్కాంతం చాలావరకు ఇలాంటిదే.

నిరోధం ఎక్కడికి పోతుంది?

తిరనాళ్లలో ఎవరి దారి వాళ్లదైతే తోపులాటే కదా! మామూలు తీగలో ఎలక్ట్రాన్లు అలాగే నడుస్తాయి. బాగా చల్లబడినప్పుడు జంటలు కట్టి, కోలాటం ఆడేవాళ్లలా అందరూ ఒకే అడుగు వేస్తాయట. ఎవరూ ఎవరినీ గుద్దుకోరు. ఈ సంగతిని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు వివరించారు. 1972లో వాళ్లకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఎంత చల్లగా ఉండాలి?

మన ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీలు. స్కానింగు యంత్రంలోని నయోబియం, టైటానియం కలిపిన తీగకి అది ఏ మూలకీ చాలదు. మైనస్ 264 డిగ్రీల కంటే కిందికి పోవాలి. అందుకే మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంతో చల్లగా ఉంచుతారు. మొట్టమొదట 1911లో హాలండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ అనే ఆయన ఈ గుణాన్ని పాదరసంలో చూశారు. 1986లో స్విట్జర్లాండులో బెడ్నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు పింగాణీలాంటి పదార్థంలో అంతకంటే తక్కువ చలికే ఈ గుణాన్ని కనిపెట్టారు. మరుసటి ఏడే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పనిచేసే రకం కూడా దొరికింది.

మరి మన ఇళ్లకి ఈ తీగలెందుకు వేయరు? కరెంటు బిల్లు తగ్గును కదా!

నేనూ అదే అడిగాను. అంత చలి నిలబెట్టడానికి యంత్రాలు నడపాలి, ఆ ఖర్చు తడిసి మోపెడవుతుంది. మామూలు వేడిలోనే పనిచేసే రకం దొరికిందని 2023లో కొరియా వాళ్లు ప్రకటించారు గానీ, మిగతా ప్రయోగశాలల్లో అది రుజువు కాలేదు.

బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా, తాళికేం భయం?

ఇదే మనం తెలుసుకోవలసిన ముక్క. బంగారాన్ని లాగదు, నిజమే. కానీ కొక్కెంలో స్ప్రింగు ఉక్కుది కావచ్చు. మన పిన్నీసులైతే ఉక్కువే! మామూలుగా వాడే పెద్ద యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. గుమ్మం దగ్గర ఏమీ తెలియదు, నాలుగడుగులు వేసేసరికి ఒక్కసారిగా లాగేస్తుంది. పిన్నీసు కంటికో మెడకో తగిలితే? పైగా స్కానింగు జరిగేటప్పుడు ఒంటిమీద లోహం వేడెక్కి చర్మం కాలవచ్చు, బొమ్మ కూడా చెడుతుంది. 2018లో ముంబైలో బంధువుకి తోడుగా వచ్చిన ఒక యువకుడు ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని స్కానింగు గదిలోకి వెళ్లి, అయస్కాంతం లాగేయడంతో ప్రాణాలే పోగొట్టుకున్నాడు. యంత్రం వాడకంలో లేనట్టు కనిపించినా, ఆ అయస్కాంతం నిద్రపోదు.

అత్యవసరంగా ఆపే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే హీలియమంతా మరిగి గొట్టంలోంచి బయటికి పోతుంది. మళ్లీ నింపి చల్లబరచడానికి రోజులు పడుతుంది, లక్షలు ఖర్చవుతుంది. మన తాళికోసం అది నొక్కమనగలమా!

ఇదంతా విని మా అత్తగారు, "ఓసి పిచ్చిదానా! పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లలేవూ? మా కాలంలో తాళి పెరిగితే అంతేగా చేసేవాళ్లం" అని ఒక్క మాటలో తేల్చేశారు. అయస్కాంతం నూలుతాడుని ఏం చేస్తుంది? మూడోనాడు అలాగే వెళ్లాను. ఆ అబ్బాయి పరికరం తిప్పి చూసి, నవ్వుతూ లోపలికి పంపాడు.

మీరు వెళ్లేముందు ఇవి గుర్తుంచుకోండి:

* నగలు, వాచీ, జడపిన్నులు, పిన్నీసులు, హుక్కుల జాకెట్టు, జరీ చీర ఇవేవీ వద్దు. నగలు ఇంట్లోనే పెట్టి వెళితే బెంగ ఉండదు.
* గుండెకి పేస్‌మేకరు, ఎముకలో రాడ్డు, తలలో క్లిప్పులు, చెవిలో యంత్రం, కాపర్ టీ వంటివి ఉంటే సిగ్గుపడకుండా ముందే చెప్పండి. గర్భవతులూ చెప్పాలి.
* తోడు వెళ్లేవాళ్లు సెల్‌ఫోను, తాళంచెవులు, చేతికర్ర పట్టుకుని ఆ గది గుమ్మం దాటకూడదు.

నాలాగా ఎవరూ దాచుకుని కూర్చోకండి. తీసి పక్కన పెట్టిన తాళిని ఇంటికొచ్చి కళ్లకద్దుకుని మళ్లీ వేసుకోవచ్చు. మనం క్షేమంగా ఇంటికి రావడమే కదా ముఖ్యం!