రొయ్యపిల్లకు అన్నప్రాశన

డబ్బా మూత తీస్తే లోపల గోధుమరంగు ధూళి. చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దినా అందులో ప్రాణం ఉందంటే ఎవరూ నమ్మరు. నెల్లూరు తీరాన, కావలి నుంచి రామాయపట్నం వైపు వెళ్తే కనిపించే రొయ్యల హ్యాచరీల్లో ఈ ధూళికి తేమ తగలకుండా ఎంతో జాగ్రత్త పడతారు. ఇవి ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి గుడ్లు. గ్రాముకు సుమారు రెండున్నర లక్షలు ఉంటాయి.

వీటిలో పేరుమోసినవి అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి వస్తాయి. అక్కడి గ్రేట్ సాల్ట్ లేక్ సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పన. చేపల నోటికి అడ్డుపడే కవచం గానీ, పారిపోయే వేగం గానీ ఆర్టీమియాకు లేవు. అందుకే చేప బతకలేనంత ఉప్పులో కాపురం పెట్టింది. రోజులు బాగున్నంతకాలం తల్లి నేరుగా పిల్లల్నే కంటుంది. చలి ముదిరితేనో, ఉప్పు పెరిగితేనో గట్టి పెంకుతో గుడ్లు వదులుతుంది. లోపలి పిండం నీటిని దాదాపు పూర్తిగా వదులుకుని, ట్రెహలోజ్ అనే చక్కెరను కాపుగా పెట్టుకుని ఆగిపోతుంది. అలా ఏళ్ల తరబడి ఉండగలదు. 1972లో అపోలో 16 నౌకలో ఈ గుడ్లు చంద్రుడి దాకా వెళ్లొచ్చాయి కూడా.

అంత ప్రయాణం చేయగలిగినదాన్ని లేపడానికి కావలసినవి గోరువెచ్చని ఉప్పునీరు, వెలుతురు, అడుగు నుంచి బుసబుసా గాలి. గుంటపడిన గుడ్డు గంటా రెండు గంటల్లో నీరు తాగి గుండ్రమవుతుంది. తర్వాత పెంకు పగులుతుంది. పిల్ల వెంటనే బయటపడదు. పల్చటి పొరలో చుట్టుకుని పెంకు కింద కాసేపు వేలాడుతుంది. సూక్ష్మదర్శినిలో చూడాల్సిన ఘడియ ఇదే. దాదాపు ఒక రోజుకల్లా తొట్టి అంతా నారింజ రంగు తిరుగుతుంది. ఒక్కో పిల్లా అర మిల్లీమీటరు కూడా ఉండదు, నుదుట ఒకే ఒక కన్ను.

గాలి ఆపి, శంకు ఆకారపు తొట్టి అడుగున దీపం పెడతారు. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుగు వైపు దిగుతాయి. ఆ ఆశే వాటి కొంప ముంచుతుంది. వల గుడ్డలో వడగట్టి, కడిగి, రొయ్యపిల్లల తొట్టిలో పోస్తారు.

ఇక్కడ తొందర అవసరం. కొత్త ఆర్టీమియా పిల్లకు నోరు తెరుచుకోదు, ఒంట్లోని సొనే ఆహారం. దాన్ని తినే రొయ్యపిల్లకు కావలసిందీ ఆ సొనే. ఎనిమిది గంటలు దాటితే అది కరిగిపోతూ వస్తుంది, పిల్లేమో పెద్దదవుతుంది. అందుకే కొందరు చల్లటి నీళ్లలో పెట్టి ఆ కరుగుదలను తగ్గిస్తారు.

రొయ్యపిల్లదీ ఇలాంటి కథే. 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన వనామీ రకం రొయ్యను తీసుకోండి. పుట్టాక ఒకటిన్నర రోజు సొన మీదే గడుపుతుంది. జోయియా దశలో కీటోసెరాస్ లాంటి నాచుకణాలు తింటుంది. తర్వాత మైసిస్ దశ. తలకిందులుగా వేలాడుతూ, వెనక్కి వెనక్కి గెంతుతూ ఉండే ఈ వయసులోనే ఆర్టీమియా దానికి అన్నప్రాశన. చేప నోటికి దొరకకుండా ఉప్పులోకి పారిపోయిన జీవిని డబ్బాకెత్తి, ఇంత దూరం తెచ్చి, చివరికి రొయ్య నోటికి అందించడం మనిషికే చెల్లింది. చెరువు గట్టున రైతు సీడ్ (రొయ్యపిల్లల) ధర గురించి వాదిస్తాడు గానీ, ఈ గుడ్ల సంగతి అతని మాటల్లోకి రాదు.

మెక్సికోలోని షోచిమిల్కో కాలువల జీవి ఆక్సలోటల్‌ను ఇళ్లలో పెంచేవాళ్లదీ ఇదే తంతు. దాని పిల్ల కదిలేదాన్నే తిండి అనుకుంటుంది. పొడి మేత ముక్కు ముందు పడినా పట్టించుకోదు. కాకపోతే అది మంచినీటి ప్రాణి కాబట్టి ఆర్టీమియాను ఉప్పు పోయేలా కడిగి, కొద్దికొద్దిగా వేయాలి. మంచినీటిలో ఆర్టీమియా కొన్ని గంటలే కదులుతుంది, చచ్చినవి తొట్టిని కుళ్లబెడతాయి. మేత చాలకపోతే ఆక్సలోటల్ పిల్లలు పక్కవాడి కాలు కొరుకుతాయి. కాలు మళ్లీ మొలుస్తుంది. మైసిస్ రొయ్యకు ఆకలిని తట్టుకునే వెసులుబాటు లేదు. తిండి తప్పితే తొట్టెలు ఖాళీ అవుతాయి.